గుహలలోని యెముకలు – గతించిన వనములు



శామీర్‌పేటనుండి యొక సోదరి మాకిట్లు వ్రాసిరి: "సెలవులలో పిల్లలను హైదరాబాదునందలి బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు గొనిపోయితిమి. అచ్చట కోటాసారస్ అను రాక్షసబల్లి యస్థిపంజరమును జూచి మా చిన్నది, 'ఆ కాలమున మన ఆవులు, జింకలు, ఏనుగులు లేవా? వాని యెముకలెక్కడ?' అని యడిగినది. నాకు బదులు దోచలేదు. మన మేడ్చలు ప్రాంతపు బండలలో నట్టి యెముకలు దొరకునా?"

ప్రశ్న పసిపిల్లదైనను పెద్దలు విచారింపదగినది. కావున నీ మాసపు పుటలను దానికే కేటాయించుచున్నాము.

మొదట మన ఊరి మాట. సుచిత్రనుండి మేడ్చలు వఱకును, శామీర్‌పేట చెఱువు గట్టువఱకును మనము చూచు గుండ్రని బండలన్నియు గ్రానైటు శిలలు. భూగర్భమున కరగియున్న ద్రవ్యము మెల్లమెల్లగ జల్లారి గట్టిపడగా నేర్పడినవి. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అప్పటికి భూమిమీద నెముకగల ప్రాణియే పుట్టలేదు. కాబట్టి యీ శిలను ఎంతలోతు త్రవ్వినను శిలాజము దొరకదు. మన బండలు మిక్కిలి వృద్ధులేగాని, జంతువుల ముచ్చట యెఱుగనివి.

శిలాజము నిలుచుటకు బురదయో, ఇసుకయో, సున్నపునీరో కావలెను. చచ్చిన ప్రాణి త్వరలో కప్పబడవలెను. గాలికిని కుక్కలకును చిక్కరాదు. అట్టి చోట్లు తెలుగునేలపై గలవు. వానిలో మూడింటిని మాత్రము చెప్పెదము. ఒక్కొక్కటి యొక్కొక్క యుగమునకు జెందినది.

మొదటిది ప్రాణహిత గోదావరుల లోయ. సోదరి బిడ్డ చూచిన కోటాసారస్ దొరికినది అక్కడనే, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద. ఆ శిలలు 16 కోట్ల సంవత్సరములకు పైబడినవి. వానిలో చేపల యచ్చులు కూడ విస్తారముగ దొరకుటచే నొకప్పుడచ్చట మంచినీటి సరస్సులుండెనని తెలియుచున్నది. ఆ కోటా శిలలలోనే పాలిచ్చి పిల్లలను బెంచు జంతువుల పండ్లును దొరికినవి. ఇట్టి జంతువులను శాస్త్రజ్ఞులు క్షీరదము లందురు. 1981లో దత్తా అను శాస్త్రజ్ఞుడు అందొకదానికి కోటాథీరియము హాల్డేనీ యని పేరిడెను. కోటా యన్నది ఊరి పేరు. హాల్డేను భారతదేశమును స్వదేశముగ జేసికొన్న ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. చిన్నదాని ప్రశ్నకిదియే మొదటి సమాధానము: రాక్షసబల్లుల కాలమున ఆవులు లేవు, జింకలు లేవు, ఏనుగులు లేవు. కాని క్షీరదములు లేకపోలేదు. చుంచెలుకవంటి చిన్నప్రాణులై, పెద్దవాని కాళ్లసందున మెలగుచుండెను.

రెండవది మనకు సమీపమైనది. హైదరాబాదునకు పడమర, వికారాబాదు జిల్లాలో నస్కలు అను గ్రామము గలదు. అక్కడనుండి పడమటికి దక్కను నల్లరాతి సీమ. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగిలి, కరగిన రాయి వరదవలె బొర్లి, చల్లారి, మరల బొర్లినది. ఒక పొరకును మఱియొక పొరకును నడుమ నేండ్లకొలది యెడము దొరకినపుడు ఆ నల్లరాతిమీద వాననీరు నిలిచి కొలనులయ్యెను. చుట్టును చెట్లు మొలచెను. తరువాతి రాతివరద వానిని గప్పివేసెను. దొంతరలో రెండు కుండలనడుమ బెట్టిన మూతవలె, అట్టి కొలని బురద నస్కలు వద్ద రెండు రాతిపొరలనడుమ చిక్కుకొని నేటికిని నిలిచినది.

1988లో గుంటుపల్లి ప్రసాదు, అశోక సాహ్ని యను నిరువురు పండితులు ఈ పొరలో దొరికిన సూక్ష్మమైన పండ్లను లోకమునకు జూపిరి. భారతదేశమున ఆ యుగపు క్షీరదము కనబడుట అదియే మొదలు. దాని పేరు డెక్కనోలెస్టెస్ హిస్లోపీ. దక్కనుసీమ దొంగ యని దాని యర్థము. హిస్లోపు అనునాతడు నూటయేబది యేండ్లకు బూర్వము నాగపురమున నుండి ఈ పొరలను పరిశోధించిన పాదిరి.

ఈ పండ్లను వెదకిన విధమును మన స్త్రీలు సులభముగ గ్రహింపగలరు. బురదరాతిని మూటలు మూటలుగా దెచ్చి, నీట నానవేసి, సన్నని జల్లెడలలో గడిగి, మిగిలిన నూకను ఆరబెట్టి, సూక్ష్మదర్శినిక్రింద నొక్కొక్క రేణువును ఏరుదురు. బియ్యములో మట్టిగడ్డలేరు పనియే. మన మేరి పాఱవేయుదుము, వారేరి దాచుకొందురు. మూటెడు మట్టికి ఆవగింజంత పన్ను ఒకటి దొరికిన భాగ్యమే.

ఆవగింజంత పంటితో నేమి తెలియును? అని యడుగుదురేమో. మన తర్కశాస్త్రమున శేషవత్తను అనుమానము గలదు. ఏటిలో ఎఱ్ఱనీరు పొంగివచ్చుట జూచి, ఎగువన వాన గురిసినదని యూహించుటవంటిది. కార్యమునుబట్టి కారణమును దెలియుట. స్థాలీపులాక న్యాయము మనకు నిత్యానుభవమే. కుండలోని యొక మెతుకును బట్టిచూచి అన్నమంతయు నుడికినదో లేదో చెప్పుదుము. పంటిని జూచి ప్రాణిని, ప్రాణిని జూచి దాని మేతను, మేతను జూచి వనమును, వనమును జూచి వానను దెలియుట ఈ న్యాయములకు ఫలమే.

నస్కలు దొంగ విషయమున పండ్లేగాక, మడమయెముకలును దొరికినవి. ఆ కీళ్ల తీరును బట్టి యది కొమ్మలపై నెక్కి తిరుగు జంతువని పరిశోధకులు నిర్ణయించిరి. కొమ్మలపై దిరుగు జంతువు గలదన్నచో చెట్లు గలవు. అదే పొరలో చేపలు, కప్పలు, తాబేళ్లు, మొసళ్లునుండుటచే నీరుగలదు. కరగిన రాయి పొర్లిన నేలమీదనే మరల నీడయు నీరును గల తోపు వెలసెనని యొక మడమయెముక సాక్ష్యమిచ్చుచున్నది. అప్పుడు మన దేశము ఆసియాతో గలియక, సముద్రమున నుత్తరమునకు సాగుచుండెను. అయినను డెక్కనోలెస్టెసుకు జ్ఞాతులని తలపబడు చిన్నజంతువులు ఐరోపా, ఆఫ్రికా ఖండముల శిలలలోనుం గానవచ్చినవి. అవి సముద్రమెట్లు దాటెనను చర్చ పండితులలో నడచుచునే యున్నది.

మూడవచోటు బిల్లసర్గము గుహలు. ఇవి నంద్యాల జిల్లాలో, పూర్వపు కర్నూలు జిల్లాలో, బేతంచెర్ల వద్దనున్నవి. బేతంచెర్ల పేరు మీలో పెక్కుమంది యెఱిగినదే. మన వంటయిండ్లలో పఱచు నాపరాళ్లలో నెన్నియో అచ్చటివి. ఆ సున్నపురాతిని వాననీరు యుగయుగములు కరగించుటచే నా కొండలో గుహలేర్పడెను. సున్నము గల మట్టిలో నెముక చెడిపోక నిలుచును. అందుచే నీ గుహలు జంతువుల దఫ్తరమువంటివి.

1844లో న్యూబోల్డు అను సేనాధికారి యీ గుహలలోని యెముకలనుగూర్చి తొలుత వ్రాసెను. నలువదియేండ్లకు, 1884లో, రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూతత్త్వవేత్త వచ్చి త్రవ్వించెను. పిదప నాతని కుమారుడు హెన్రీ ఆ పని సాగించెను. ఒక గుహకు వారిడిన యింగ్లీషు పేరునకు 'ఎముకల కొట్టు' అని యర్థము. 1886లో లైడెక్కరు అను పండితుడు ఆ యెముకల నెల్ల పరీక్షించి వివరములు ప్రకటించెను.

ఆ పట్టికను జదివిన నాశ్చర్యము గలుగును. పులి, ఎలుగు, కొండముచ్చు, ఏదుపంది, కణుజు, చుక్కల దుప్పి, మనుబోతు, కృష్ణజింక, మూషికజింక, గబ్బిలములు, ఎలుకలు. వీనిలో మనకు క్రొత్తవి లేవు. కాని వానితో ఖడ్గమృగమును గలదు. నేడు మన దేశమున ఖడ్గమృగము అస్సాములోను, ఉత్తర వంగమునను, హిమాలయపు పాదమునందలి చిత్తడినేలలలోను మాత్రమే యున్నది. చుక్కల దుమ్ములగొండియు గలదు. ఆ జాతి నేడు ఆఫ్రికాలోనే జీవించుచున్నది, మనకు మిగిలినది చారల దుమ్ములగొండి మాత్రమే.

కావ్యములలో వనవర్ణనలు మనము చదివియున్నాము. పులులు, సింహములు, శరభములు, ఖడ్గములు వరుసగ వచ్చును. కవి కన్నులతో జూచి చెప్పెనో, నిఘంటువు జూచి చెప్పెనో నిశ్చయింపజాలము. ఎముక నిఘంటువు జూచి చెప్పదు. కర్నూలు సీమలో ఖడ్గమృగపు పన్ను దొరికినదన్నచో, అది మేసిన గడ్డియు, పొరలిన బురదయు నెక్కడనో సమీపమున నుండితీరవలెను. కృష్ణజింక విశాలమైన పచ్చిక బయలు కోరును. మూషికజింక పొదలచాటు కోరును. రెంటి యెముకలు నొక్కచోట గలియుటచే ఆ సీమ యంతయు కారడవియుగాదు, అంతయు బీడుగాదు. అడవియు, గడ్డియు, నీటిపట్టును కలసియున్న నేల యని తెలియును.

అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. ఎముకలు తమంతట గుహలోనికి నడచిరావు. పెద్దయెముకలను దుమ్ములగొండి తెచ్చును. దుమ్మనగా నెముక యని నిఘంటువులు చెప్పుచున్నవి. మన పూర్వులా జంతువునకు దాని స్వభావమెఱిగియే పేరిడిరి. ఏదుపంది యెముకలను దెచ్చి కొఱుకును. దాని పంటి గాట్లు వానిపై నిలుచును. ఎలుకల యెముకలను గుడ్లగూబ ఉమియును. కాబట్టి పరిశోధకుడు మొదట, 'ఈ యెముకను దెచ్చినవారెవరు? ఎంతదూరమునుండి తెచ్చియుందురు?' అని విచారించి, పిమ్మట వనమునుగూర్చి మాటాడవలెను. ఇరుగుపొరుగుల మాటలను నమ్మునపుడు మనమును ఈ పద్ధతి నవలంబించిన నెంత మేలు!

పంటి విషయము మఱికొంత చెప్పెదము. దేహమునందెల్ల పంటిపైని మెఱుగుపూత గట్టిది; తక్కినదెల్ల నశించినను నది నిలుచును. మా యింటివారు తమ బడిపిల్లలకు ఆవు దవడపంటిని, పంది దవడపంటిని, కుక్కపంటిని పక్కపక్కన నుంచి చూపుచుందురు. ఆవుపన్ను ఎత్తుగా, పైని తిరుగలి గంట్లవలె మెట్టపల్లములతో నుండును; గడ్డిలోని సన్నయిసుకవంటి పదార్థము పంటి నరగదీయును గనుక పన్నెత్తుగా నుండక తప్పదు. పందిపన్ను గుబ్బలుగా మన పంటిని బోలియుండును. అది యన్నిటిని దినునది. కుక్క దవడపన్ను కత్తెరవలె మాంసము గోయును. పంటిని జూచినంతనే భోజనపంక్తి తెలియును.

ఇంతకంటెను సూక్ష్మమైన పరీక్ష యొకటి గలదు. మొక్కలు గాలినుండి కర్బనమును గ్రహించును. అందు తేలికది, బరువైనది యని భేదములు గలవు. చెట్లు, వరి, గోధుమ యొక తెగ. జొన్న, సజ్జ, చెఱకు, వేడినేలల గడ్డి వేఱొక తెగ. రెండవ తెగవానిలో బరువైన కర్బనపు పాలు కొంచెమెక్కువ. మేసిన జంతువు పంటిపూతలో నా పాలే నిలుచును. లక్ష యేండ్లనాటి పంటిపొడిని యంత్రమున బెట్టి, ఆ జంతువు ఆకులు మేసెనో గడ్డి మేసెనో చెప్పగలుగుచున్నారు. జొన్నరొట్టె తినువాని దేహము, వరియన్నము తినువాని దేహముకంటె వేఱుగ తూగునన్నమాట!

ఇంక నసలు సంగతికి వచ్చెదము. ఇటీవల బిల్లసర్గము గుహలను మరల త్రవ్వి, పొరపొరకు కాలము నిర్ణయించి, 2014లో పండితులు ఫలితములు ప్రకటించిరి. గుర్తింపబడిన 21 క్షీరద జాతులలో 20 జాతులు కనీసము లక్ష సంవత్సరములనుండి నేటివఱకు నిలిచియున్నవి. కొన్ని రెండు లక్షల సంవత్సరములనుండియు. అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో నా కాలమున పెద్దజంతువులెన్నియో సమూలముగ నశించెను. మన దేశమున నట్లు జరుగలేదు.

ఆ కాలము సుఖకాలమా? కాదు. సుమారు 74 వేల యేండ్ల క్రిందట సుమత్రా దీవిలోని టోబా యగ్నిపర్వతము ప్రేలి, దాని బూడిద మన దేశముపై వర్షించెను. బిల్లసర్గమున్న జిల్లాలోనే జ్వాలాపురమను నూరివద్ద ఆ బూడిద నేటికిని మందపు పొరగా నున్నది. జనులు దానిని త్రవ్వి యమ్ముచు వచ్చినారు. పిదప సుమారు ఇరువదివేల యేండ్ల క్రిందట లోకమంతయు చలిచే బిగిసి, మన వానకారు సన్నగిల్లెను. ఆ బూడిదను, ఆ కఱవులను గడచి ఆ జింకలు, ఆ మనుబోతులు, ఆ యెలుగులు బ్రతికినవి.

ఎట్లు బ్రతికినవి? పండితుల యభిప్రాయమిది: ఒకచోట నడవి యెండినపుడు జంతువులు మఱియొకచోటికి దరలినవి, ముక్కలుముక్కలుగ మిగిలిన వనములలో దలదాచుకొన్నవి. కొన్నిచోట్ల నశించినవి, కొన్నిచోట్ల నిలిచినవి. అనగా వానిని గాచినది బలము మాత్రమేగాదు, దారి. ఈ వనమునుండి యా వనమునకు బోవుటకు దారియుండెను.

ఇప్పుడు మన వాకిటివంక చూచుకొందము. సుచిత్ర కూడలినుండి మేడ్చలు దారి పొడవున నిండ్లు, గోదాములు, ప్రహరీలు. కండ్లకోయవద్దను శామీర్‌పేటవద్దను అడవి ముక్కలున్నవి. వాని ప్రక్కనే వలయరహదారి కోటగోడవలె సాగుచున్నది. శామీర్‌పేట జింకలవనమున మన పిల్లలు జింకలను కంచెలోపల జూచుచున్నారు. లక్షయేండ్ల కఱవులను దాటిన జాతి, దారి లేక కంచెలో నిలిచినది. 21లో 20 నిలిచెను గదా, ఇక భయమేల యని యెవరైన నన్నచో, ఆ లెక్క దారులున్న కాలపు లెక్క యని మనము బదులు చెప్పవలెను.

రహదారియు కావలెను, ఇల్లును కావలెను, కాదనము. మనమును ఆ దారినే పోవుచున్నాము, ఆ యిండ్లలోనే యున్నాము. కాని యొక ముక్క యడవికిని మఱియొక ముక్క యడవికిని నడుమ వాగునొడ్డుననో, దారి క్రిందనో యొక సందు విడుచుట యసాధ్యముగాదు. చెఱువు శిఖమును, వాగును పూడ్చక యుంచుట మనుజులకును మేలే. మన వీథులవారు సభ జేయునపుడు స్త్రీలు మౌనముగ గూర్చుండక యీ మాట నడుగవలెను.

రెండవది గుహల మాట. నాపరాతికై కొండలు పగులుచున్నవి. లంకెబిందెలకై దురాశాపరులు పాతగుహలను త్రవ్వుచుందురు. పొర చెదరినచో నెముక దొరికినను దాని కాలము తెలియదు. పుట విడిపోయిన గ్రంథమువలె దానిని కూర్చుట యెవరివశముగాదు. పంచతంత్రమున నలుగురు విప్రులలో మువ్వురు ఎముకలనుండి సింహమును లేపి చచ్చిరి. ఎముకల విద్యయున్నను వివేకము లేకపోయెను. మన దోషము వేఱు: వివేకులమనుకొనుచు నెముకను రాయిగా దలచి పాఱవేయుచున్నాము.

కావున సోదరీమణులకు మా మనవి. మీ బంధువులు వికారాబాదు, ఆదిలాబాదు, కర్నూలు సీమల నున్నచో, బావి త్రవ్వునపుడో, పొలము దున్నునపుడో రాతిలో పన్నువంటిది, ఎముకవంటిది కనబడిన బగులగొట్టవద్దని వ్రాయుడు. అది దొరికిన చోటును, లోతును కాగితముపై వ్రాసియుంచి, సమీపపు కళాశాలవారికిగాని, హైదరాబాదులోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయమునకుగాని తెలుపవలెను. బాలికలకు సెలవులలో ఆవుపంటిని, మేకపంటిని చేతికిచ్చి భేదము చెప్పింపుడు. దీనికి పుస్తకముతోను, సొమ్ముతోను పనిలేదు.

శామీర్‌పేట చిన్నది పెద్దదై యేదో యొకనాడు జల్లెడ పట్టి నస్కలు మట్టి కడుగునేని మాకు మిక్కిలి సంతోషము. వచ్చు మాసమున మన చెఱువుల గట్లను, తూములను గూర్చి వ్రాయదలచితిమి. తమ యూరి చెఱువు సంగతులు తెలిసిన సోదరీమణులు ముందుగా వ్రాసి పంపిన వందనములతో స్వీకరింతుము.